వాండర్‌హైడెన్ ఉరఫ్ ట్రాయ్

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న ట్రాయ్‌కి పాత దస్తావేజుల్లో ‘వాండర్‌హైడెన్ ఉరఫ్ ట్రాయ్’ అన్న పేరుండేదని తెలిసిన రోజే ఆ ఊరు నాకు నచ్చేసింది.

అలా రాయించినవాడు జాకబ్ వాండర్‌హైడెన్, ఆ నేలకు ఆసామి. డచ్చి వంశం. ఆ పొలం 1707లో డిర్క్ వాండర్‌హైడెన్ చేతికొచ్చింది. ఆపైన ఎనభై ఏళ్లూ సేద్యం, ఏరు దాటించే పడవ, అంతే. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక న్యూ ఇంగ్లండ్ వర్తకులు దిగారు. సముద్రపు పోటు అక్కడిదాకా వస్తుంది, సరుకు పడవలూ వస్తాయి. వాళ్లకింకేం కావాలి! జాకబ్ అయిష్టంగానే 1787లో పొలాన్ని ప్లాట్లు వేశాడు. కొన్నవాళ్లు 1789 జనవరి 5న సమావేశమై, ఆసామి పేరు తీసేసి గ్రీకు కథల్లోని ట్రాయ్ పేరు పెట్టేశారు. ఆయనకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి తన అమ్మకపు పత్రాల్లో పాత పేరే ముందు రాయించాడు.

ఆయన ఉక్రోషం ముచ్చటగానే ఉంది. కానీ అంతకుముందు ఆ ఒడ్డున మొక్కజొన్న పండించుకున్న మోహికన్ ఆదివాసులు పెట్టుకున్న పేరు పాన్‌పాక్. దానికి ఉరఫ్ కూడా దక్కలేదు.

ఆ 1789లోనే ఊళ్లోకి వచ్చిన శామ్యూల్ విల్సన్ 1812 యుద్ధంలో సైన్యానికి మాంసం పీపాలు పంపాడు. వాటి మీది ‘యు.ఎస్.’ ముద్రను జనం ‘అంకుల్ శామ్’ అని చదివారనీ, అమెరికాకు ఆ మారుపేరు అలా వచ్చిందనీ అంటారు.

గూడూరు అంటే నిమ్మకాయలు గుర్తొచ్చినట్టు, ఒకప్పుడు అమెరికాలో ట్రాయ్ అంటే చొక్కా కాలర్లు. మాసేది కాలరైతే చొక్కా అంతా ఉతకడమేమిటని 1827లో హన్నా మాంటేగ్ భర్త కాలర్లు కత్తిరించి, ఉతికి, మళ్లీ తగిలించిందట. ఆ విసుగులోంచి ఫ్యాక్టరీలు పుట్టాయి. వాటి వెనక లాండ్రీల్లో సలసల కాగే నీళ్లు, గంజి, ఇస్త్రీపెట్టెలు, చేతులు కాల్చుకునే ఐరిష్ ఆడవాళ్లు. 1864లో కేట్ ములానీ అనే యువతి సుమారు 300 మందిని కూడగట్టి, సంఘం పెట్టి, సమ్మె చేసి కూలి పెంచుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కాలర్ చొక్కాకే కుట్టి రావడంతో ఆ వ్యాపారం చితికింది. ఇక మిగిలింది చరిత్రే. కానీ ఊళ్ల చరిత్రలు జాకబ్‌లా స్థలాలు అమ్మినవాళ్లతో మొదలవుతాయి. పత్రాలుండేది వాళ్ల దగ్గరే కదా. ములానీ ఇంటిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించడానికి 2004 దాకా పట్టింది. సమ్మెలో ఆమె వెంట నడిచిన మిగతావాళ్ల పేర్లు అడిగేవాళ్లేరీ?