నాన్న అమ్మేసిన పాటలు

మా చిన్నవాడి గదిలోంచి ఆ మధ్య ఓ పాట ఆగకుండా వినిపించేది. నలుగురైదుగురు మగపిల్లలు గొంతులు కలిపి, సెలవులిచ్చిన మర్నాటి పొద్దున్నలా హాయిగా పాడుతున్నారు. "ఎవర్రా వీళ్ళు?" అన్నాను. "బీచ్ బాయిస్ అమ్మా, అమెరికా వాళ్ళు. నీకు తెలీదులే" అన్నాడు. ఆ "తెలీదులే" అన్న మాట ఉంది చూశారూ, అది నన్ను రెండు వారాలు కూర్చోబెట్టి చదివించింది.

చదివి చూద్దును కదా, అచ్చం మన ఇళ్ళల్లో కథే! అన్నదమ్ములు ముగ్గురు, మేనత్త కొడుకు ఒకడు, పెద్దవాడి స్నేహితుడు ఇంకొకడు. అందరి నెత్తినా ఒక తండ్రి.

లాస్ ఏంజిలిస్ పక్కన హాథార్న్ అనే ఊళ్ళో విల్సన్ గారి కుటుంబం. తండ్రి మర్రీ విల్సన్‌ది యంత్రాల వ్యాపారం. ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ప్రమాదంలో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. మనసంతా పాటల మీదే. తనూ కొన్ని కట్టాడు గానీ పేరు రాలేదు. రాని పేరు పిల్లల చేత తెప్పించాలనుకునే తండ్రులను మనం చూడలేదా ఏమిటి! చెయ్యీ విసురే, నోరూ విసురే. పెద్దవాడు బ్రయన్‌కి కుడిచెవి దాదాపు వినిపించదు. పుట్టుకతోనా, తండ్రి దెబ్బకా అన్న విషయంలో ఆ ఇంట్లోనే ఎవరి మాట వారిది. ఒంటిచెవితోనే ఆ పిల్లవాడు రేడియోలో విన్న పాటల్ని గొంతుగొంతుగా విడదీసి, రాత్రిళ్ళు మంచం మీద తమ్ముళ్ళకు నేర్పేవాడట.

1961 సెప్టెంబరు మొదట్లో తల్లీ తండ్రీ మెక్సికో వెళ్తూ, పిల్లల తిండికని డబ్బిచ్చి వెళ్ళారు. వాళ్ళు ఆ డబ్బుతో వాయిద్యాలు అద్దెకు తెచ్చారు! చాలకపోతే స్నేహితుడు అల్ జార్డిన్ వాళ్ళమ్మ అప్పిచ్చింది. (ఆ తల్లి ధైర్యానికి నమస్కారం పెట్టాను. మా వాడు గిటారు అన్నప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయను.) తిరిగొచ్చిన మర్రీ మండిపడ్డాడు గానీ, పాట విన్నాక చల్లబడి, ఆ మీదట తనే మేనేజరై కూర్చున్నాడు. నడిమివాడు డెన్నిస్‌ను మాత్రం జట్టులో చేర్చించింది తల్లి ఆడ్రీ. వాణ్ణి వదిలేస్తే ఊరుకోనందట. తీరా చూస్తే చెక్కపలక మీద నిలబడి అలల మీద తేలే సర్ఫింగు ఆట వాళ్ళల్లో నిజంగా ఆడేది వాడొక్కడే. దాని మీద పాట కడదామన్నదీ వాడే. బీచ్ బాయిస్ అన్న పేరైనా వాళ్ళు పెట్టుకున్నది కాదు. రికార్డు చేతికొచ్చాకే తమ పేరేమిటో తెలిసిందట.

1962లో క్యాపిటల్ కంపెనీ పిలిచింది. అక్కణ్ణుంచి పాటలే పాటలు. 1964 ఏప్రిల్లో ఓ పాట రికార్డింగు మధ్యలో తండ్రి వంకలు పెట్టీ పెట్టీ విసిగిస్తే, కొడుకులు ఆయన్ని మేనేజరు పదవిలోంచి తీసేశారు. ఆ వేసవిలోనే ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అదే ఏడాది డిసెంబరులో హ్యూస్టన్ వెళ్ళే విమానంలో బ్రయన్ బావురుమని ఏడ్చి కుప్పకూలాడు. అప్పటికి 22 ఏళ్ళు. ఇక ఊళ్ళు తిరగనని ఇంటి పట్టున ఉండిపోయాడు. తమ్ముళ్ళు వేదికలెక్కి పాడుతూంటే తను స్టూడియోలో కూర్చుని సంగీతం అల్లాడు.

అలా వచ్చిందే 1966 నాటి 'పెట్ సౌండ్స్'. సైకిలు బెల్లూ, కుక్క మొరుగూ కూడా పాటల్లోకి తెచ్చాడు. ఆ రికార్డులో బేస్ గిటారు వాయించిన వాళ్ళల్లో కేరల్ కే అనే ఆవిడ ఉంది. గదినిండా మగవాళ్ళు, మధ్యలో ఈ పిల్లల తల్లి. స్టూడియోల్లో వాయించిన కూలితోనే ఇల్లు నడిపిందిట. ఆవిడ గురించి వేరే రాయాలి ఎప్పుడైనా. లండన్లో బీటిల్స్ వాళ్ళు ఈ రికార్డు విని ఉలిక్కిపడ్డారు. తమ 'సార్జంట్ పెప్పర్'కి ఇదే ప్రేరణ అని పాల్ మెకార్ట్‌నీయే చెప్పుకున్నాడు. అమెరికాలో మాత్రం అనుకున్నంత అమ్ముడుపోలేదు.

ఆ తరవాత 'స్మైల్' అని ఇంకా పెద్దది మొదలెట్టాడు. కాళ్ళకు ఇసుక తగులుతూంటే పాటలు బాగా వస్తాయని ఇంట్లోనే ఇసుకతొట్టి కట్టించి, దాంట్లో పియానో పెట్టించాడు. కుక్కలు ఆ ఇసుకను తమ అవసరాలకు వాడుకున్నాయట. ఆ ఇంటి ఇల్లాలు మారిలిన్‌కు అప్పుడు 20 ఏళ్ళు కూడా లేవు. మహానుభావుల చరిత్రలు రాసేవాళ్ళు ఇల్లు ఊడ్చిందెవరో ఎందుకు రాయరో! మేనత్త కొడుకు మైక్ లవ్, అంటే మన వరసలో బావ, ఈ పాటల మాటలు తనకు అర్థం కావడం లేదన్నాడు. కంపెనీ తొందరపెట్టింది. మందుల అలవాటు, భయాలు బ్రయన్‌ను తినేశాయి. 1967లో ఆ రికార్డు ఆగిపోయింది.

ఈ బావగారే 1968లో బీటిల్స్‌తో పాటు మన రుషీకేశంలో మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకుని వెళ్ళాడు. ఆ వేసవికి ముందే మహర్షిని వెంటబెట్టుకుని కచేరీ యాత్ర చేస్తే జనం రాక మధ్యలోనే ముగించారు.

1969లో తండ్రి దెబ్బకొట్టాడు. పాటల హక్కులన్నీ తన చేతిలో ఉన్న కంపెనీవి. వీటికి ఇక విలువ పెరగదనుకుని, సుమారు 7 లక్షల డాలర్లకు మొత్తం అమ్మేశాడు! బ్రయన్ ఆ కబురు విని గదిలోంచి బయటికి రాలేదనీ, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదనీ మారిలిన్ తరవాత చెప్పింది. ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి లేచి, కాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను. 1973లో మర్రీ పోతే బ్రయన్, డెన్నిస్ అంత్యక్రియలకు వెళ్ళలేదు.

విలువ పెరగదన్న ఆ పాటలే 1974లో 'ఎండ్‌లెస్ సమ్మర్' అన్న సంకలనంగా వచ్చి, అమెరికాలో మొదటి స్థానంలో నిలిచాయి. చాలా ఏళ్ళ తరవాత బ్రయన్ కోర్టుకెక్కితే 1 కోటి డాలర్లు వచ్చాయి. హక్కులు మాత్రం తిరిగి రాలేదు. ఆ డబ్బు వచ్చీరాగానే, నేను రాసిన మాటలకు నా పేరేదని బావగారు దావా వేశాడు. 35 పాటలకు గెలిచాడు కూడా. బ్రయన్ బాగోగులు చూస్తానని చేరిన మనస్తత్వవైద్యుడొకడు ఆయన జీవితాన్నే గుప్పిట్లో పెట్టుకుంటే, 1992లో కోర్టు వాణ్ణి దూరంగా ఉండమంది.

సముద్రమంటే ఇష్టపడ్డ డెన్నిస్ 1983 డిసెంబరు 28న మెరీనా డెల్ రే రేవులో మునిగి పోయాడు, 39 ఏళ్ళకే. అతణ్ణి సముద్రంలోనే సాగనంపడానికి ప్రెసిడెంటు రీగన్ అనుమతి ఇప్పించాడు. తల్లి ఆడ్రీ 1997 డిసెంబరులోనూ, రెండు నెలలకే కడసారివాడు కార్ల్‌ 1998 ఫిబ్రవరిలోనూ పోయారు. కార్ల్‌ది కేన్సరు. తల్లికి ఆ కడుపుకోత ఒకటి తప్పింది.

'స్మైల్'ను బ్రయన్ 2004లో పూర్తి చేశాడు, మొదలెట్టిన 38 ఏళ్ళకి. 2025 జూన్ 11న, 82 ఏళ్ళ వయసులో పోయాడు.

పిల్లలు తిండి డబ్బులు తగలేసిన ఆ హాథార్న్ ఇల్లు ఇప్పుడు లేదు. పెద్దరోడ్డు వేయడానికి 1980ల్లో పడగొట్టేశారు. ఆ చోటుకు దగ్గర్లో 2005లో స్మారకంగా ఓ ఇటుకగోడ కట్టారు. మా వాడికి ఈ సంగతి చెబితే, "ఇదంతా నీకెలా తెలుసమ్మా?" అని పాట ఆపి మరీ అడిగాడు.