కదలని మీట

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో విద్యుత్కేంద్రము నెలకొన్నది. ఇంట దీపము, పంకా మాత్రమే ఉన్న కాలమున వోల్టేజి తగ్గినచో దీపము మసకబారెడిది. అంతకు మించిన నష్టము లేదు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దానితో హైటెక్ సిటీకి నాంది జరిగి, నగరపు పడమటి దిక్కున మేడలు లేచినవి. లిఫ్టులు, శీతల యంత్రములు, సున్నితమైన పరికరములు నిండిన చోట వోల్టేజికి నిలకడ కావలెను.

మన ఇండ్లకు వచ్చు వోల్టేజి 230. 1956 నాటి విద్యుత్ నియమములు ఇందులో నూటికి 6 వంతుల హెచ్చుతగ్గులను అంగీకరించినవి. అనగా సుమారు 216 మొదలు 244 వోల్టుల వరకు. వాడకము పెరిగినపుడు తీగలలోనే కొంత వోల్టేజి తరిగిపోవును. ఆ లోటును పూడ్చునదే స్టెబిలైజరు. దాని ట్రాన్స్ఫార్మరు చుట్టనుండి పలుచోట్ల కొసలు బయటకు తీసియుందురు. వచ్చు వోల్టేజిని బట్టి తగిన కొసను కలుపు మీటయే రిలే.

రిలే సూత్రమును 1835లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ప్రయోగించి చూపెను. చిన్న ప్రవాహముచే అయస్కాంతమైన ఇనుము ఒక రేకును లాగి, పెద్ద ప్రవాహమునకు దారి కల్పించును. స్టెబిలైజరు టక్కుమనుట ఆ రేకు చప్పుడే. రేకు విడినపుడెల్ల నిప్పురవ్వ లేచి, కొనలు క్రమముగా కాలిపోవును.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు, 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో థైరిస్టరు రూపొందినవి. 1970 దశకమున ఘనస్థితి రిలేలు వాడుకలోనికి వచ్చినవి. వీనిలో కదలు భాగము లేదు. లోపలి చిన్న దీపపు కాంతి సోకగానే అర్ధవాహకము ప్రవాహమును వదలును. చప్పుడు లేదు, నిప్పురవ్వ లేదు.

గుణముతోపాటు దోషము కూడ మారినది. ఘనస్థితి రిలే చెడినచో సాధారణముగా ప్రవాహమును ఆపు శక్తినే కోల్పోవును. అపుడు వేరొక కొస కలిసినచో, రెంటి నడుమనున్న చుట్టలు షార్టయి ఫ్యూజు పోవును, లేదా చుట్ట మాడును. మంచి థైరిస్టరు సైతము ప్రవాహము సున్నకు వచ్చినపుడే ఆగును. 50 హెర్ట్జుల సరఫరాలో అందుకు 10 మిల్లీసెకన్ల వరకు పట్టవచ్చును. కావున ఒక కొసను విడిచి మరియొకటి కలుపుటకు అంతకు మించిన వ్యవధి ఉండవలెను.

పరీక్షించువానిని మోసగించు సంగతులు రెండున్నవి. రిలే తీగను ఒకటి విడదీయక ఓములు కొలిచినచో, ట్రాన్స్ఫార్మరు చుట్ట దారినే నిరోధము తక్కువగా కనబడి, మంచి రిలే చెడినట్లు తోచును. రెండవది, ఆపిన రిలేగుండ కూడ కొద్ది మిల్లీఆంపియర్లు కారుచుండును. అందుచే భారము లేనిచోట మీటరు నిండు వోల్టేజిని చూపును. 100 వాట్ల బల్బును భారముగా పెట్టినచో నిజము తెలియును: ఆజ్ఞ ఉన్నపుడు వెలుగవలెను, లేనపుడు ఆరవలెను.

చెడినదానిని మార్చిన మాత్రమున పని ముగియదు. 20 ఆంపియర్లు పారునపుడు రిలేలో 20 వాట్లకు పైగా వేడి పుట్టును. దానిని వెదజల్లు అల్యూమినియపు దిమ్మ సరిగా అంటుకొననిచో క్రొత్త రిలేకును అదే గతి.

పాత మీట విడినదో లేదో కంటికి కనబడెడిది. ఈ మీట కదలదు, పలుకదు. ఆరిన బల్బును చూచి విద్యుత్తు లేదనుకొన్నవాని ప్రాణమునకే ముప్పు. ప్లగ్గు పీకిన తరువాతనే పెట్టెలో చేయి పెట్టవలెను.