సికింద్రాబాద్ బడుల్లో పరిసరాల పాఠం

ప్రాథమిక తరగతుల్లో పరిసరాల విజ్ఞానాన్ని ఒకే సబ్జెక్టుగా బోధించాలని ఎన్‌సీఈఆర్‌టీ 1975 నాటి పాఠ్యప్రణాళికలో సూచించింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పర్యావరణ విద్య తప్పనిసరి బాధ్యతగా మారింది. 2001లో జాతీయ హరిత దళం మొదలై, బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. అయితే అవి ఎక్కువగా ఉన్నత పాఠశాలలకే పరిమితమయ్యాయి. అలవాట్లు కుదురుకునే వయసు అంతకన్నా చిన్నది కాబట్టి ఇది పెద్ద లోటే.

సికింద్రాబాద్ పిల్లలకు ఈ పాఠం కళ్లెదుటే ఉంది. 1562లో తవ్వించిన హుస్సేన్‌సాగర్ జంటనగరాల మధ్య ఉంటుంది. ఏటా వినాయక నిమజ్జనం జరిగేదీ అక్కడే. విగ్రహాల తయారీలో వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో త్వరగా కరగదు. రసాయన రంగుల్లోని సీసం వంటి లోహాలు నీటిలో కలుస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనంపై మార్గదర్శకాలిచ్చి, 2020లో వాటిని సవరించింది. ఈ కాలంలోనే చవితికి ముందు పిల్లల చేత మట్టి గణపతులు చేయించడం అనేక బడుల్లో ఆనవాయితీ అయింది. చేతికి మట్టి అంటిన బిడ్డ ఇంట్లో పెద్దల్ని కూడా ఒప్పించగలదు. ఏ ఉపన్యాసానికీ అంత బలం లేదు.

ఈ పాఠానికి నగరమూ తోడైంది. 2015లో తడి, పొడి చెత్తకు నగరపాలక సంస్థ ఇంటింటికీ రెండు బుట్టలు పంచింది. అదే ఏడు మొదలైన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారంలో బడి ఆవరణల్లోనూ మొక్కలు నాటారు.