చంద్రగ్రహణం, బొజ్జన్నకొండ, ఒక రాగిరేకు

ఏ గ్రహణం వచ్చినా నా ఫోన్‌కి రెండే రెండు రకాల మెసేజీలు వస్తాయి. మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసు, తెల్లవాడు వచ్చి కాపీ కొట్టాడు అనేది ఒకటి. మనవాళ్ళకి గ్రహణం అంటే దర్భలు, భయం, తలుపులేసుకోవడం తప్ప ఇంకేం తెలీదు అనేది రెండోది. ఈ రెండు రకాలవాళ్ళూ మా టీములోనే ఉన్నారు. 2025 సెప్టెంబరు 6 శనివారం రాత్రి ఇద్దరూ నా కారులోనే ఉన్నారు కూడా. హైదరాబాదు నుంచి అనకాపల్లికి, ఆరొందల కిలోమీటర్ల దాకా దారి. మర్నాడు రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఫోటోలు తీద్దామని బయల్దేరాం. వాదన సూర్యాపేటలో టీ తాగేటప్పుడు మొదలై తుని దాటేదాకా సాగింది. డ్రైవింగ్ నాది కాబట్టి నిద్ర రాకుండా పనికొచ్చింది, అంతవరకూ ఇద్దరికీ థాంక్స్ :)

అనకాపల్లే ఎందుకంటే మా ఇల్లు అక్కడే. పైగా ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, శంకరం అనే పల్లె పక్కన బొజ్జన్నకొండ ఉంది. 'సంఘారామం' అనే మాటే అరిగి అరిగి శంకరం అయిందంటారు. కొండని తొలిచి చేసిన బౌద్ధ గుహలు, ఇటుక స్తూపం, పక్కనే లింగాలకొండ మీద రాతిలో చెక్కిన చిన్న చిన్న స్తూపాలు వరసగా ఉంటాయి. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్ అంటే అదే. ఆ స్తూపాలు శివలింగాలనుకుని జనం లింగాలకొండ అనేశారు. 1907, 08 ప్రాంతాల్లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వించాడు. దొరికినవాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, శాతవాహనుల సీసం నాణెం ఒకటి, తూర్పు చాళుక్యరాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణాలు కొన్ని ఉన్నాయి.

అందరూ సముద్రగుప్తుడి బంగారం గురించే చెప్తారు. నాకు ఆ రాగి నాణాల మీదే గురి, ఎందుకంటే వాటి యజమానికీ చంద్రగ్రహణానికీ ఒక లెక్క ఉంది.

కుబ్జ విష్ణువర్ధనుడు బాదామి చాళుక్యుడు రెండో పులకేశికి తమ్ముడు. అన్న గెలిచిన వేంగి రాజ్యాన్ని ముందు ప్రతినిధిగా ఏలి, తర్వాత తనే రాజయ్యాడు. నన్నయ్య చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడిది ఈ వంశమే. మరి ఈ వంశం ఎప్పుడు మొదలైంది? దానికి ఆధారాల్లో ఒకటి పాత విశాఖపట్నం జిల్లాలోని చీపురుపల్లిలో దొరికిన రాగిరేకుల శాసనం. అందులో శకసంవత్సరం లేదు. రాజు ఏలుబడిలో 18వ సంవత్సరం, శ్రావణమాసం, చంద్రగ్రహణం సందర్భంగా బ్రాహ్మణులకి ఊరు దానం ఇచ్చినట్టుంది. అంతే!

గ్రహణంనాడు దానం చేస్తే పుణ్యం ఎక్కువని అప్పట్లో నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా మనకి మాత్రం అది లాగ్‌ఫైల్‌లో టైమ్‌స్టాంపులా ఉపయోగపడింది. రాజుల లెక్కలు అబద్ధం కావచ్చు, వంశావళిలో కోతలు ఉండొచ్చు, కానీ చంద్రుడు అబద్ధమాడడు. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే ఆ గ్రహణం ఏ తారీఖున పట్టిందో దొరకాలి. జె. ఎఫ్. ఫ్లీట్ అనే ఆయన ఆ లెక్కే వేసి, అది క్రీ.శ. 632 జులై 7 అని తేల్చాడు. 18వ ఏడు 632 అయితే మొదటి ఏడు 615. తూర్పు చాళుక్యుల కాలక్రమం మొత్తం కొన్నాళ్ళు ఆ తారీఖు మీదే నిలబడింది.

ఇప్పుడు మీరు ఏ చరిత్ర పుస్తకం తీసినా ఎక్కువగా 624 నుంచి 641 అని కనిపిస్తుంది. తర్వాతి చరిత్రకారులు మిగతా రాజుల ఏలుబడి సంవత్సరాలన్నీ కూడి, వెనక్కి లెక్కేసుకుని వచ్చి, 615 కుదరదన్నారు. మరి చంద్రుడు అబద్ధమాడాడా? లేదు. శ్రావణ పౌర్ణమి నాడు గ్రహణం పట్టడం ఒక్కసారే జరిగే పని కాదు. కొన్ని పదుల ఏళ్ళ అవధిలో వెతికితే రెండు మూడు తగుల్తాయి. హ్యాష్ కొలిజన్ అన్నమాట. కీ ఒక్కటే, దానికి సరిపోయే రికార్డులు మాత్రం చాలా. ఏ రికార్డు మనదో తేల్చడానికి వేరే ఫీల్డు కావాలి. గ్రహణం ఉంది కాబట్టి తారీఖు పక్కా అని ఎవరైనా అంటే (రాముడి పుట్టినరోజు దగ్గర్నుంచి కురుక్షేత్రం దాకా ఇలా తేల్చేసేవాళ్ళు మనకి బోలెడుమంది), మొదట అడగాల్సింది ఎన్ని మ్యాచ్‌లు వచ్చాయి అనే.

ఇదంతా నేను చెప్తుంటే మొదటి రకం మిత్రుడు, "చూశావా, అప్పుడే గ్రహణం ఎప్పుడొస్తుందో తెలిసే కదా దానాలకి ఏర్పాట్లు చేసుకున్నారు" అన్నాడు. ఆ మాట నిజమే. గ్రహణం లెక్క కట్టడం మన సిద్ధాంత గ్రంథాల్లో పెద్ద అధ్యాయమే. ఆర్యభటుడు భూమి నీడే చంద్రుడి మీద పడుతుందని స్పష్టంగా చెప్పాడు. కాకపోతే దానికి తర్వాత ఏమైందో కూడా చూడాలి కదా.

1825లో మద్రాసులో 'కాలసంకలిత' అని ఒక పుస్తకం అచ్చయింది. రాసింది జాన్ వారెన్, మద్రాసు అబ్జర్వేటరీలో కొన్నాళ్ళు పనిచేసిన సైనికాధికారి. పుదుచ్చేరిలో పంచాంగాలు కట్టే ఒక తమిళుడి చేత ఆయన ఒక చంద్రగ్రహణం లెక్క కట్టించాడు. ఆ మనిషి కాగితం, కలం ముట్టలేదు. నేలమీద గవ్వలు పేర్చుకుంటూ, పట్టికలన్నీ నోటికి చెప్పుకుంటూ లెక్క పూర్తి చేశాడు. 1825 మే 31, జూన్ 1 మధ్య రాత్రి గ్రహణం అది. మొదలయ్యే సమయంలో తేడా 4 నిమిషాలు, మధ్యకాలంలో 23, విడుపులో 52.

నాకు ఈ మూడు అంకెలూ ఎంతిష్టమో చెప్పలేను. నేలమీద గవ్వలతో నాలుగు నిమిషాల తేడా! అదే చేత్తో విడుపు దగ్గర దాదాపు గంట తేడా. ఇంకో సంగతి ఏంటంటే, ఆ లెక్క ఎందుకు అలా పనిచేస్తుందో ఆ పంచాంగకర్తకి ఏమీ తెలీదని వారెనే రాశాడు. సోర్స్ కోడ్ ఎక్కడో పోయింది, బైనరీ మాత్రం తరతరాలుగా రన్ అవుతోంది. తప్పొస్తే సరిదిద్దడానికి కోడ్ చేతిలో లేదు. మనవాళ్ళకి ఏమీ తెలీదు అన్నా, అన్నీ తెలుసు అన్నా ఆ గవ్వల మనిషికి అన్యాయమే.

ఇక రెండో రకం మిత్రుడు విజయవాడ దాటగానే గుంటూరు ఎత్తాడు. "హీలియం కనిపెట్టింది గుంటూరులోనే తెల్సా, ఫ్రెంచివాడు వచ్చి కనిపెడితే గానీ మనకి దిక్కులేదు" అని. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట నిజం. సూర్యుడి అంచున లేచే జ్వాలలు వేడి వాయువులని వర్ణపటంలో చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయి అనుకుని, మర్నాడు పొద్దున్నే గుంటూరులోనే చూసి నిరూపించాడు. అసలు కనిపెట్టింది ఆ పద్ధతి. హీలియం అనే పేరు లండన్‌లో లాకియర్ వైపు నుంచి వచ్చింది, అదీ తర్వాత. భూమ్మీద ఆ వాయువుని రామ్సే పట్టుకుంది 1895లో. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ తరఫున పాగ్సన్, వనపర్తిలో అదే అబ్జర్వేటరీలో పనిచేసే రఘునాథాచారి కూడా ఆ రోజు గ్రహణం చూశారు. రఘునాథాచారి అప్పటికి ఏడాది ముందే ఒక చరతారని కనిపెట్టినవాడు. ఆయన పేరు ఏ ఫార్వర్డు మెసేజీలోనూ నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఫోటోల పిచ్చి ఉన్నవాడిగా నాకు గుంటూరులో నచ్చింది జాన్సెన్ కాదు, మేజర్ టెనెంట్. అదే ఊళ్ళో వేరే గుడారం. తొమ్మిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు తెచ్చి గ్రహణాన్ని ఫోటో తీశాడు. అప్పట్లో ఫోటో అంటే గాజుపలకకి కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటిగుడారంలో కడగాలి. గుంటూరు ఎండ, ఆగస్టు ఉక్క, చేతిలో ఆరు నిమిషాలకి కాస్త తక్కువ. దానిలో ఆరు ప్లేట్లు తీశారు. ఒక పెద్ద మెలికల జ్వాల వాటిలో పడింది, దానికి 'గ్రేట్ హార్న్' అని పేరొచ్చింది. ఆరే ప్లేట్లు! నేను సెప్టెంబరు 7 రాత్రి ఆరొందల పైన క్లిక్కులు కొట్టాను. అందులో బావున్నవి ఆరుంటాయేమో.

ఆ రాత్రి సంగతి కూడా కొంచెం చెప్పాలి. కొండపైకి రాత్రిపూట వెళ్ళనివ్వరు కాబట్టి కింద రోడ్డుపక్కన ట్రైపాడ్లు పెట్టుకున్నాం. సైకిలు మీద పోతున్న పెద్దాయనొకరు ఆగి "ఏటి బాబూ, సర్వే వోళ్ళా?" అని అడిగారు. కాదు తాతా, గ్రహణం అంటే, "అది సూడకూడదు గదేటి" అని తను మాత్రం పది నిమిషాలు నించుని చూసి వెళ్ళారు :) 9:57కి పట్టు, 11:00కి సంపూర్ణం, 12:22 దాకా ఎర్రగానే ఉంది, 1:26కి విడుపు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. కొండా ఎర్రచంద్రుడూ ఒకే ఫ్రేములో రావాలని మావాడి కోరిక. అర్ధరాత్రికి చంద్రుడు అరవై ఐదు డిగ్రీల ఎత్తులో, దాదాపు నెత్తిమీద ఉంటే అది ఎలా కుదురుతుంది? 300 ఎంఎం లెన్స్‌తో సంపూర్ణంలో ఐఎస్‌ఓ 3200 పెట్టి అర సెకను దాటకుండా తీశాం. అంతకన్నా ఎక్కువ తెరిస్తే భూమి తిరుగుడుకి చంద్రుడు అలికినట్టు అయిపోతాడు.

ఇంట్లో మా అక్కకి ఆరో నెల. అమ్మ తొమ్మిదిన్నరకే దాన్ని గదిలో పడుకోబెట్టి "తిన్నగా పడుకో, కదలొద్దు" అంది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నాలుగు గంటలు! భూమి నీడ చంద్రుడి మీద పడితే కడుపులో బిడ్డకి ఏమీ కాదు. ఉక్కలో నాలుగు గంటలు నీళ్ళు తాగకపోతే మాత్రం ఆరో నెల మనిషికి మంచిది కాదు. ఇది ఫోన్లోనే అమ్మతో అన్నాను, గొడవ కూడా అయింది. చిత్రమేమంటే అమ్మ క్యాలెండర్లో రాసుకున్న పట్టు విడుపుల టైమూ, నా యాప్ చూపించిన టైమూ ఒక్కటే. చంద్రుడు ఎప్పుడు నీడలోకి వెళ్తాడో నిమిషంతో సహా చెప్పగలిగే లెక్కని నమ్మి, ఆ లెక్కకి కారణమైన నీడని నమ్మకపోవడమే నాకు అర్థం కాదు. పదకొండున్నరకి మొదటి మంచి ఫోటో అక్కకి పంపాను. ఫోటోలో చూస్తే దోషమా కాదా అని అమ్మ కాసేపు ఆలోచించి, పంతులుగారు ఆ సంగతి చెప్పలేదు కాబట్టి చూడనిచ్చింది. ఫోటో చూడనిచ్చిన చేత్తోనే గ్లాసుతో నీళ్ళు కూడా ఇచ్చిందని అక్క తర్వాత చెప్పింది.

దారిలో ఇద్దరికీ చెప్పాలనుకుని తుని దగ్గర ఆపేసిన కథ ఇంకొకటి ఉంది. అనకాపల్లి జమీందారీతో సంబంధం ఉన్న గోడే వారి కుటుంబంలో వెంకట జగ్గారావు (1817-1856) అని ఒకాయన ఉండేవారు. మద్రాసు వెళ్ళి అక్కడి అబ్జర్వేటరీలో టి. జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ మీద జెండా స్తంభం పెట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు (1827-1892) సర్కారు ఉద్యోగం వదిలేసి ఎస్టేటునీ, టెలిస్కోపునీ చూసుకున్నారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం విశాఖ నుంచి చూసి, ఆ కొలతలు సొసైటీ పత్రికకి పంపారు.

వీళ్ళు గవ్వల మనిషీ కాదు, గుడారం వేసుకుని వెళ్ళిపోయిన దొరా కాదు. ఇక్కడే ఉండి, ఏళ్ళ తరబడి చూసి, కొలిచి, రాసి పంపినవాళ్ళు. నర్సింగరావుగారు పోయాక ఆయన భార్య అబ్జర్వేటరీని ప్రభుత్వానికి అప్పగించారు. ఇవాళ డాబా గార్డెన్స్‌లో అబ్జర్వేటరీ లేదు. ఆయన పేరు మాత్రం విశాఖలో రోజూ వేలమంది నోట వినబడుతుంది. ఏ.వి.ఎన్. కాలేజీలో ఏ.వి.ఎన్. అంటే ఆయనే. సి. వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పిన కాలేజీ, రామన్ చిన్నప్పుడు చదివిన కాలేజీ అది. నా కారులో ఉన్న ఇద్దరిలో ఒకడు ఆ కాలేజీలోనే ఇంటర్ చదివాడు. ఏ.వి.ఎన్. ఎవరో వాడికి తిరుగు ప్రయాణంలో, తుని దగ్గరే చెప్పాను.

మళ్ళీ మనకి నెత్తిమీద చక్కగా కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబరు 31న. గరిష్ఠం రాత్రి 10:22కి. మబ్బుల బెడద తక్కువ ఉండే కాలం, పైగా మర్నాడు సెలవు పెట్టుకోవచ్చు. ట్రైపాడ్ ఉన్నవాళ్ళు ఇప్పుడే క్యాలెండర్లో రాసుకోండి.