దూదిపుల్ల తెచ్చిన చిక్కు: హైల్‌బ్రాన్ ఉదంతం

2007 ఏప్రిల్‌లో జర్మనీలోని హైల్‌బ్రాన్ నగరంలో ఒక యువ పోలీసు అధికారిణి హత్యకు గురైంది. పోలీసు కారులో దొరికిన డిఎన్ఎ గుర్తు తెలియని స్త్రీదని తేలింది. అదే డిఎన్ఎ 1993 నాటి ఒక హత్య మొదలు చిల్లర దొంగతనాల వరకు, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 నేరస్థలాలలో కనిపించింది. ఇంత పొంతనలేని నేరాలను ఒకే వ్యక్తి చేయగలదా అన్న అనుమానం ముందే రావలసింది. కానీ ఆమె ఆచూకీకి 3 లక్షల యూరోల బహుమతి ప్రకటించారు!

2009లో చిక్కు విడింది. కాలిపోయిన ఒక పురుషుడి మృతదేహాన్ని గుర్తించడానికి, ఆశ్రయం కోరుతూ గతంలో ఇచ్చిన దరఖాస్తుపై ఉన్న వేలిముద్రలను పరీక్షించారు. అక్కడా ఆ స్త్రీ డిఎన్ఎయే వచ్చింది. మరో దూదిపుల్లతో పరీక్షిస్తే రాలేదు. ఆ డిఎన్ఎ దూదిపుల్లల తయారీలో పనిచేసిన ఒక మహిళది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించండి. ఆ పుల్లలు సూక్ష్మజీవరహితమైనవే. అయితే ఆ శుద్ధి బాక్టీరియాను చంపుతుందే తప్ప డిఎన్ఎను పూర్తిగా తొలగించదు. వైద్యానికి అది చాలు, నేరపరిశోధనకు చాలదు. నమూనాల సేకరణ సామగ్రిలో మానవ డిఎన్ఎ కాలుష్యాన్ని అరికట్టేందుకు ఐఎస్‌ఓ 18385 ప్రమాణం 2016లో వెలువడింది. ఏమీ తాకని ఖాళీ పుల్లను నమూనాతోపాటు పరీక్షించడం, సిబ్బంది డిఎన్ఎతో ఫలితాన్ని పోల్చిచూడటం కూడా ఇటువంటి జాగ్రత్తలే.

హైల్‌బ్రాన్‌లో అపహరించిన పోలీసు పిస్తోళ్లు 2011 నవంబరులో దొరికాయి. అవి ఒక నయా నాజీ ముఠా వద్ద ఉన్నాయి.