ఇటలీ మధువు – తెలుగు నాలుక

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునందును, అశోక్‌నగర్ శిక్షణాలయములందును రేయింబవళ్లు చదువుచున్న ఉద్యోగార్థులకు ‘పెరిప్లస్’ అను పేరు సుపరిచితము. అది క్రీ. శ. 1వ శతాబ్దమున ఒక నావికవర్తకుడు గ్రీకు భాషలో వ్రాసిన గ్రంథము. శాతవాహనుల వాణిజ్యమును గూర్చిన ప్రశ్నలకు వారు దానిని వల్లించుచుందురు. కాని అందు భరుకచ్ఛపు రేవున దిగుమతి యగు సరకులలో మొట్టమొదటిది ద్రాక్షామధువనియు, అందును ఇటలీ మధువునకే మన్నన యెక్కువయనియు గుర్తుంచుకొనువారు కొద్దిమందియే. ఆ రేవునకే పైఠానునుండి బండ్లమీద మన సరకులు పోవుచుండెడివి.

ఆ మధువు రెండు చెవులు గల పొడవాటి మట్టికూజాలలో వచ్చెడిది. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో వీలరు జరిపిన త్రవ్వకములలో అట్టి కూజాల పెంకులు దొరకినవి. మధువు ఊరిపోకుండుటకై కూజా లోపల చెట్టుబంక పూసెడివారు. ఆ బంక వాసనతోనే, నీరు కలుపుకొని, రోమనులు దానిని త్రాగెడివారు.

ఆ రుచి మన నేలమీద నిలువలేదు. సుమారు 1890 ప్రాంతమున హైదరాబాదునకు వచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తినుటకు తగిన తీయని పండు. నిజాము పాలనలో నారాయణగూడలో వెలసిన ప్రభుత్వ డిస్టిలరీకిని ద్రాక్షకును సంబంధము లేదు. ఆనాటి సారాకు ముఖ్యాధారము ఇప్పపువ్వు. సామాన్య గృహములకు తెలిసిన ద్రాక్షపానీయమెల్ల బెల్లము పోసి పులియబెట్టిన ద్రాక్షారిష్టము. నేటి దుకాణములపై ‘వైన్స్’ అని వ్రాసియుండును గాని లోపల పేర్చియుండునది విస్కీ, బ్రాందీలే. పేరు వచ్చినది, వస్తువు రాలేదు.

కావుననే తొలిసారి ఇటలీ ఎఱ్ఱమధువును రుచిచూచిన తెలుగువాడు తెల్లబోవును. అబ్రుత్సో ప్రాంతపు మోంటెపుల్చానోనే తీసికొందము. ఆ దేశమున అది నిత్యము భోజనముతో పుచ్చుకొను చవుక మధువు. ఇచ్చట సుంకముల వలన అంత చవుక కాదు. అందు తీపి యుండదు. పులుపు, వగరు, వానకు తడిసిన మట్టిని తలపించు వాసన యుండును. ‘చెడిపోయినది’ అని పారబోయుటకు ముందు ఒక్క మాట. వగరు మనకు క్రొత్తది కాదు. నేరేడుపండు తిన్న నాలుకకు అది తెలియును. ద్రాక్షతొక్కనుండియు గింజనుండియు వచ్చు గుణమది. నిజముగా చెడినదైనచో సిర్కా ఘాటు గాని, నానిన అట్ట కంపు గాని కొట్టును. చల్లని గదిలో నుంచి, కారము తక్కువైన మాంసపుకూరతో కొద్దికొద్దిగా చప్పరించినచో ఆ వగరు మెత్తబడును.

త్రాగుమని చెప్పుట మా అభిమతము కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై ఎందులకు తిరుగబడిరో ఎరుగని వారము కాము. రుచి తెలియగోరు వారికే యీ మాటలు.

అట్టివారు సీసాపై పేరును మాత్రము నిదానించి చదువవలెను. మోంటెపుల్చానో యనునది అబ్రుత్సోలో ద్రాక్షజాతి పేరు; టస్కనీలో అదియే ఒక ఊరి పేరు. ఆ ఊరి ‘వీనో నోబిలే’ను ప్రధానముగా సాంజోవేజే యను వేరొక ద్రాక్షతో చేయుదురు. వెలయు హెచ్చు.