రాజు లేని కోట

కోట యనగానే మన మనస్సునకు రాజు తోచును. రాజు తోచగానే యుద్ధము తోచును. బంగాళా-నాగపూరు రైల్వే కొలువునకై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఖరగ్‌పూరునకు వలసవచ్చిన తెలుగువారికి బొబ్బిలికోట కథ కంఠస్థము. 1757 నాటి ఆ పోరాటమును కన్నులార చూచినట్లు వర్ణింపగల వృద్ధులు న్యూ సెటిల్‌మెంటు వీధులలో నుండెడివారు. కాని ఆ పట్టణపు అంచుననే, నడిమి బురుజుతో అచ్చముగా కోటవలె నిలిచియున్న హిజ్లీ భవనమును గూర్చి వారిలో పెక్కుమంది యెరిగినది స్వల్పము.

మా వీధిలోని యొక ముసలమ్మను వెంటబెట్టుకొని నేనొకనాడు ఆ భవనమును చూడబోయితిని. ఆమె బురుజువంక తలయెత్తి చూచి, “ఏ రాజుదిరా బాబూ యీ కోట?” అని యడిగెను. “రాజెవడూ లేడమ్మా, దొరలు కట్టించినారు” అంటిని. “అయితే యుద్ధ మెవరితో అయింది?” అని మరల ప్రశ్న. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుట నాకు సులభము కాలేదు.

మేదినీపురము జిల్లాను చీల్చి హిజ్లీ యను క్రొత్త జిల్లా నేర్పరుపవలెనని ప్రభుత్వము తలంచి, దాని కచ్చేరికై ఈ సౌధమును నిర్మించెను. జిల్లా నిలువలేదు, కట్టడము నిలిచెను. ఖాళీ భవనము ప్రభుత్వమునకు ఎప్పుడును అక్కరకు వచ్చును. 1930 లో దానిని నిర్బంధ శిబిరముగ మార్చి, విచారణ లేకుండ పట్టి తెచ్చిన వంగదేశపు యువకులను అందుంచిరి. 1931 సెప్టెంబరు 16 రాత్రి కావలివారు నిరాయుధులైన ఆ నిర్బంధితులపై తుపాకులు కాల్చిరి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇరువురు మరణించిరి. సుభాష్ చంద్ర బోసు స్వయముగ హిజ్లీకి వచ్చి వారి దేహములను కలకత్తాకు గొనిపోయెను. వార్ధక్యమున నున్న రవీంద్రనాథ ఠాకూరు కలకత్తా మైదానమున జరిగిన నిరసన సభలో ప్రసంగించెను. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘము సైతము ఆ కాల్పులు సమర్థనీయములు కావని తేల్చెను. దీనిని యుద్ధమని నేను ముసలమ్మతో చెప్పలేకపోయితిని. ఒక పక్షమునకు ఆయుధములే లేని దానిని యుద్ధమని యెట్లందుము?

ఐరోపాలో చెక్ దేశమునకు పోవు యాత్రికులు కార్ల్‌స్టైన్ కోటను తప్పక చూతురు. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1348 లో కిరీటాభరణములు దాచుటకై దానిని ప్రారంభించెను. అందు వైభవము కలదు. కాని నాకు హిజ్లీని తలపించునది బ్రనో నగరములోని స్పిల్‌బెర్క్ కొండకోట. పదమూడవ శతాబ్దిలో రాజులకై వెలసిన ఆ దుర్గము హాబ్స్‌బర్గు ప్రభువుల కాలమున భయంకరమైన చెరసాలయై, ఇటలీ దేశభక్తుడు సిల్వియో పెల్లికోను 1822 నుండి 1830 వరకు బంధించినది. అతడు వ్రాసిన కారాగార స్మృతులు 1832 లో వెలువడి ఐరోపా నంతటిని కదలించినవి. నేడది నగరపు ప్రదర్శనశాల. అచ్చటి నేలమాళిగలలో దిగినవానికి రాజుకంటె ఖైదీయే ముందు జ్ఞప్తికి వచ్చును. హిజ్లీలోనైతే మరచుటకు కూడ రాజు లేడు. తలచుకొనదగినవారు ఖైదీలు మాత్రమే.

శిబిరము 1937 లో మూతపడి, 1940 లో తిరిగి తెరువబడి, 1942 లో కడసారి మూయబడినది. 1944 లో అమెరికావారి ఇరువదవ బాంబరు దళము ఖరగ్‌పూరును ప్రధాన స్థావరముగ జేసికొని, ఈ ప్రాంతపు విమానాశ్రయములనుండి పెద్ద విమానములను నడిపెను. స్వాతంత్ర్యానంతరము, 1950 మే నెలలో కలకత్తాలో మొదలైన సాంకేతిక విద్యాసంస్థ ఆ సెప్టెంబరులోనే హిజ్లీకి తరలివచ్చి, 1951 ఆగస్టు 18 న మౌలానా ఆజాద్ చేత ప్రారంభింపబడినది. ఖైదీలు తిరుగాడిన వరండాలలో విద్యార్థులు తిరుగజొచ్చిరి. ఇప్పుడది హిజ్లీ షహీద్ భవనము. 1990 నుండి నెహ్రూ పేర వైజ్ఞానిక ప్రదర్శనశాల అందు కలదు. యంత్రములను చూడవచ్చిన పిల్లలు అమరుల జ్ఞాపకచిహ్నముల ప్రక్కనుండి పరుగెత్తి పోవుట నేను చూచితిని. వారిని తప్పుపట్టలేను, నిలిపి చెప్పువా రుండవలెను గదా.

తిరుగు ప్రయాణమున రిక్షాలో ముసలమ్మ చాలసేపు మాటలాడలేదు. ఆమె మామగారును, భర్తయు రైల్వే కార్ఖానాలో పనిచేసినవారు. క్వార్టరు కంపెనీది, పిదప సర్కారుది. ఉద్యోగము ముగిసిననాడు తాళము అప్పగింపవలసినదే. మూడు తరములు కాపురమున్నను గోడలో ఒక్క ఇటుకయు తమది కాదు. ఖరగ్‌పూరు స్టేషనులోని ప్లాట్‌ఫారము 1,072 మీటర్లకు పైబడిన పొడవుతో 2013 వరకు లోకమున అన్నిటికంటె పెద్దదని పుస్తకములలో కలదు. ఆ ప్లాట్‌ఫారముపై దీపము పట్టుకొని రాత్రులు నడచినవారి పేర్లు మాత్రము ఏ పుస్తకమునను లేవు.

సెటిల్‌మెంటు మలుపు వచ్చినప్పుడు ఆమె నోరు విప్పి, “ఆ యిద్దరి పేర్లూ మళ్లీ చెప్పు” అన్నది. చెప్పితిని. రెండవ పేరు ఆమెకు నోరు తిరుగలేదు. మరల చెప్పితిని.